విశాఖ ఆర్కే బీచ్‌లో నడుం ఎత్తు ఇసుక గట్టు: సముద్రం ముందుకొస్తోందా, ఇసుక వెనక్కి పోతోందా?

పొద్దుటి నడక · ఆదివారం, ఉదయం 8:10

హుద్‌హుద్ తుపాను వచ్చిన మరుసటి ఏడాది నుంచి కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడుస్తున్నాను. వాన పడితే తప్ప మానను. గురువారం రాత్రి సముద్రం కొంచెం ఎగిరిపడింది. తుపానూ లేదు, వాయుగుండమూ లేదు. శుక్రవారం పొద్దున్న ఎప్పటిలాగే మెట్లు దిగబోతే చివరి మెట్టు కింద ఇసుక లేదు! కాలు గాల్లో ఉండిపోయింది, పక్కాయన చెయ్యి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

అక్కణ్ణుంచి ఎడమవైపు చాలా దూరం వరకు నడుం ఎత్తు గట్టు. కత్తితో మైసూర్‌పాక్ కోసినట్టు నిలువుగా ఉంది. దగ్గరికెళ్లి చూశాను. పైన మామూలు ఇసుక, దాని కింద వేలెడు మందాన నల్లటి చార, మళ్లీ ఇసుక, అడుగున ఊదా రంగు పొర. మధ్యలో ఒక హవాయి చెప్పు, ఎండిన కొబ్బరి బోండాం సగం బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. చూస్తుండగానే ఒక కెరటం వచ్చి అడుగున తాకింది, బల్లంత ముక్క విరిగి నీళ్లలో కూలింది. శబ్దం కూడా పెద్దగా రాలేదు.

నాది బ్యాంకు ఉద్యోగం, సైన్సు పదో తరగతితో ఆగిపోయింది. తెలిసినవాళ్లు చెప్పండి. సముద్ర మట్టం పెరగడం వల్లేనా ఇది? ఆ ఇసుకంతా ఎక్కడికి పోయింది? తిరిగొస్తుందా?

అడ్డ ప్రశ్న · ఆదివారం, ఉదయం 8:42

ఏటా చూస్తున్నదే కదండీ. ఏటా ఎవరో ఒకరు ఫొటో పెడతారు, ఏటా ‘విశాఖ మునిగిపోతోంది’ అని టీవీలో వస్తుంది. వైశాఖేశ్వరుడి గుడి ఎప్పుడో సముద్రంలో కలిసిపోయిందని మా అమ్మమ్మ చెప్పేది. సముద్రం అన్నాక కొంచెం తింటుంది, కొంచెం కక్కుతుంది. దీనికి టెన్షన్ ఎందుకు?

రాళ్లూ రప్పలూ · ఆదివారం, ఉదయం 9:30

అడ్డ ప్రశ్న గారు సగం కరెక్టే. ఆ సగం చెప్పాకే మిగతాది.

నేను ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ చదివాను. మా క్యాంపస్ కింద ఉన్న బీచ్ మీద 1950ల మొదట్లోనే కొలతలు తీశారు. ఇ.సి. లఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఇక్కడికొచ్చి, మనవాళ్లతో కలిసి వాల్తేరు ఒడ్డున ఇసుక ఏ నెలలో ఎంత తగ్గుతోందో, ఎంత పెరుగుతోందో లెక్క కట్టారు. కాబట్టి బీచ్ తగ్గి పెరగడం కొత్త కాదు.

సముద్రం గరంగా ఉన్నప్పుడు కెరటాలు ఎత్తుగా, నిలువుగా, వెంట వెంటనే వస్తాయి. ఒకటి వెనక్కి వెళ్లకముందే ఇంకొకటి మీద పడుతుంది. అలాంటివి ఇసుకను లాక్కుపోయి కొద్ది దూరంలో నీటి అడుగున దిబ్బలా పోస్తాయి. మన ఒడ్డు నుంచి చూస్తే కెరటం ఒకచోట విరిగి, మళ్లీ లేచి, ఒడ్డు దగ్గర రెండోసారి విరుగుతుంది చూడండి, ఆ మొదటిచోట ఉన్నది ఆ దిబ్బే. సముద్రం శాంతించాక పొడవాటి, బల్లపరుపు కెరటాలు ఆ ఇసుకనే కొంచెం కొంచెంగా మోసుకొచ్చి ఒడ్డున పెడతాయి. మీరు చూసిన గట్టులో చాలాభాగం అలా తిరిగి రావచ్చు.

మీరు చూసిన నల్ల చార, ఊదా పొర పాత కోతల గుర్తులే. నల్లది ఎక్కువగా ఇల్మనైటు, ఊదా ఎరుపుది గార్నెట్. మన తూర్పు కనుమల రాయి ఖొండలైట్ చివికి అందులోంచి వచ్చినవి. ఇవి మామూలు ఇసుక కన్నా బరువు. గట్టి కెరటాలు తేలిక ఇసుకను ఊడ్చేస్తే ఇవి మిగులుతాయి. అంటే ఒక్కో నల్ల చార ఒక్కో పాత కోత. మీ గట్టు ఒక రకంగా పాస్‌బుక్, బ్యాంకాయన కదా అని అంటున్నాను.

మిగతా సగం ఏమిటంటే, వెళ్లిన ఇసుకంతా తిరిగి రావడం లేదు. దానికి కారణం వేరు. సాయంత్రం రాస్తాను, బస్సులో ఉన్నాను.

డ్రెడ్జర్ బాబాయ్ · ఆదివారం, ఉదయం 11:05

ఆ మిగతా సగం నేను చెబుతాను, అది మా అన్నం పెట్టిన విషయం. ముప్పయ్యేళ్లు డ్రెడ్జర్ల మీద, అంటే నీటి అడుగు ఇసుక తోడే ఓడల మీద, పంపు దగ్గర పనిచేసి రిటైరయ్యాను.

ఆర్కే బీచ్‌లో సముద్రానికి ఎదురుగా నిలబడండి. కుడి పక్క డాల్ఫిన్స్ నోస్, ఎడమ పక్క భీమిలి. ఏడాదిలో ఎక్కువ నెలలు, ముఖ్యంగా నైరుతి గాలి ఉన్నన్నాళ్లు, కెరటం ఒడ్డుకు ఏటవాలుగా వస్తుంది. ఇసుకను ఏటవాలుగా పైకి తోస్తుంది. వెనక్కి పోయేటప్పుడు మాత్రం వాలు ఎటుంటే అటు తిన్నగా జారుతుంది. మళ్లీ ఏటవాలుగా పైకి, తిన్నగా కిందకి. అలా ఒక్కో రేణువు మెలికలు తిరుగుతూ కుడిచేతి నుంచి ఎడమచేతి వైపు నడుస్తుంది. ఈశాన్య గాలి నెలల్లో తిరుగు ప్రయాణం ఉంటుంది గానీ అది తక్కువ. ఏడాది చివర్లో లెక్క చూస్తే నికరంగా లక్షల ఘనపు మీటర్ల ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తుంది. వెళ్లాలి. దారిలో ఎవరూ అడ్డం లేకపోతే.

అడ్డం మనం పెట్టాం. 1933లో హార్బరు తెరిచేనాటికే ఈ ఇసుక వచ్చి ఓడలు వచ్చే ఛానెల్ మూసేస్తుందని అప్పటి ఇంజినీర్లకు తెలుసు. అందుకే దక్షిణం పక్క రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుకట్ట చేశారు. ఇసుక దాని వెనక చేరుతుంది, డ్రెడ్జర్ పెట్టి తోడుకోవచ్చు. తర్వాత 1970ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజానికి పెద్ద ఓడలు రావాలని అవుటర్ హార్బరు కట్టారు. టెట్రాపాడ్లు (నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మలు) పేర్చిన ఆ రాతి చేతులు సముద్రంలోకి చాలా దూరం పోయాయి. ఓడకు నీడ దొరికింది, ఇసుకకు దారి మూసుకుపోయింది.

కుడిపక్క నుంచి వచ్చే ఇసుక అక్కడే ఆగుతుంది. ఎడమ పక్క ఉన్న మన బీచ్ నుంచి మాత్రం ఇసుక ఎప్పటిలాగే భీమిలి వైపు నడిచి వెళ్లిపోతుంది. రావడం లేదు, పోవడం ఆగదు. హార్బరు గోడ దాటగానే మొదట వచ్చే ఒడ్డు కోస్టల్ బ్యాటరీ. అందుకే ఎప్పుడు చూసినా దెబ్బ అక్కడే ముందు పడుతుంది.

దీనికి విరుగుడుగానే ఆగిన ఇసుకను తోడి, గొట్టాల్లో ఇవతలికి పంపి, బీచ్ మీద పొయ్యడం. ఇసుకా నీళ్లూ కలిపిన జావ అది. పంపు దగ్గర కూర్చుంటే గొట్టం శబ్దాన్ని బట్టి తెలిసిపోతుంది. ఇసుక బాగా వస్తుంటే లోపల గింజలు వేయించినట్టు గరగర, ఉత్త నీళ్లయితే నున్నటి హోరు. బీచ్‌లో బయటపడినప్పుడు అది నల్లగా, కొంచెం వాసనగా ఉంటుంది. అది చూసి ‘డ్రైనేజీ వదులుతున్నారు’ అని మామీద ఫిర్యాదు చేసిన పొద్దుటి నడక బ్యాచ్‌లు నాకు తెలుసు! నాలుగు ఎండలు కాస్తే అదే తెల్లబడుతుంది.

పొద్దుటి నడక · ఆదివారం, మధ్యాహ్నం 1:20

బాబాయ్, ఆ ఫిర్యాదు చేసిన బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. క్షమించాలి.

నా భాషలో చెబుతాను, తప్పయితే దిద్దండి. బీచ్ ఒక కరెంటు ఖాతా. దక్షిణం నుంచి జమ, ఉత్తరానికి ఖర్చు. హార్బరు కట్టాక జమ ఆగింది, ఖర్చు నడుస్తోంది. మీ డ్రెడ్జర్ వేసేది ఓవర్‌డ్రాఫ్టు. అది ఒక ఏడాది ఆలస్యమైనా, తక్కువైనా, అసలు మీద పడుతుంది. అంతేనా?

డ్రెడ్జర్ బాబాయ్ · ఆదివారం, మధ్యాహ్నం 1:48

ఓవర్‌డ్రాఫ్టు కాదు బాబూ. అది ఆ ఖాతాదారుడి డబ్బే, దారిలో ఎవరో ఆపేశారు. తెచ్చి ఇస్తున్నాం అంతే. ఇవ్వడంలో లేటు, కోత ఉంటాయి. అది మాత్రం నిజం.

చినజాలరి · ఆదివారం, మధ్యాహ్నం 3:15

మాది పెద జాలారిపేట. మీరందరూ నడక గురించి మాట్లాడుతున్నారు, మాకు అది పని చేసుకునే చోటు.

అలివి వల ఎప్పుడైనా దగ్గరగా చూశారా? పడవ మీద వల తీసుకెళ్లి అర్ధచంద్రంలా సముద్రంలో పరిచి, రెండు కొసల తాళ్లూ ఒడ్డుకు తెస్తారు. ఇటు పదిహేను మంది, అటు పదిహేను మంది వెనక్కి నడుస్తూ లాగుతారు. వెనక్కి నడవాలంటే వెనక ఇసుక ఉండాలి కదా! మా తాత రోజుల్లో రోడ్డు దాకా లాక్కుంటూ పోయేవారట. ఇప్పుడు కొన్ని నెలల్లో పది అడుగులు వెనక్కి వేస్తే గట్టో, గోడో, పార్కు చేసిన బండో వీపుకు తగులుతుంది. తాడు మళ్లీ ముందుకు పట్టుకుని, మళ్లీ లాగాలి. ఆ సందులో వల సడలి చేప జారిపోతుంది.

తెప్పలు, ఫైబరు పడవలు పైకి లాగి పెట్టుకోవడానికి చోటు చాలదు. అమావాస్యకి, పున్నమికి పోటు ఎక్కువని రాత్రి లేచి పడవ ఇంకొంచెం పైకి జరుపుకోవాలి. మా పెద్దమ్మ కవళ్లు, నెత్తళ్లు ఎండబెట్టే చోటు ఇప్పుడు తారు రోడ్డు పక్క. ‘ఇసక మీద ఎండిన చేప రుచే వేరురా, రోడ్డు మీద ఎండింది పెట్రోలు కంపు’ అంటుంది.

అడ్డ ప్రశ్న గారూ, కక్కుతుంది తింటుంది అన్నారు. మాకు తినడమే కనిపిస్తోంది.

అడ్డ ప్రశ్న · ఆదివారం, సాయంత్రం 4:02

తమ్ముడూ, వెటకారంగా అనలేదు. సరే, మరి అన్ని నదుల నుంచీ మట్టి కొట్టుకొచ్చి సముద్రంలోనే కలుస్తోంది కదా? వానాకాలం మా అనకాపల్లి దగ్గర శారద చూడండి, నీళ్లో బురదో తెలియదు. అంత మట్టి వస్తుంటే తీరం పెరగాలి గానీ తరగడమేంటి? ఇదైనా సరైన అడ్డ ప్రశ్నేనా?

రాళ్లూ రప్పలూ · ఆదివారం, సాయంత్రం 6:40

ఈ చర్చా దారం మొత్తంలో ఇదే మంచి ప్రశ్న.

బీచ్‌కి కావలసింది మట్టి కాదు, ఇసుక. శారదలో మీరు చూసే ఎర్రటి రంగు ఒండ్రుది. అది పిండిలాంటిది, ఒడ్డున నిలవదు, తేలుతూ లోతుకు వెళ్లిపోతుంది. ఒడ్డున నిలిచేది గరుకు రేణువు. అది నది అడుగున దొర్లుకుంటూ వస్తుంది. ఆనకట్ట కనిపిస్తే ముందు ఆగేది అదే. శారద, వరాహ, తాండవ మనకి దక్షిణాన ఉన్నవి, బాబాయ్ చెప్పిన కుడిచేతి జమ వాటి నుంచి రావాలి. పైన రిజర్వాయర్లలో కొంత, మధ్యలో కట్టల దగ్గర కొంత ఆగుతుంది. అవి దాటిన ఇసుకను ట్రాక్టర్లు ఎత్తుకుపోతాయి. మన అపార్టుమెంట్ల గోడల్లో ఉన్నది ఎక్కడి ఇసుకనుకున్నారు?

మన దేశంలో నేల కోత మీద 1983లో వేసిన అంచనా ఒకటుంది, ఇప్పటికీ చాలామంది దాన్నే చెబుతారు. సగటున ఏడాదికి హెక్టారుకు 16.35 టన్నుల మట్టి కదిలిపోతుంది. దేశం మొత్తం మీద 533 కోట్ల టన్నులు. అందులో 29 శాతం సముద్రంలో కలుస్తుంది, 10 శాతం రిజర్వాయర్లలో పేరుకుంటుంది, మిగిలింది ఒకచోటి నుంచి లేచి ఇంకోచోట పడుతుంది. అంటే పొలంలో ఉండాల్సిన మట్టి పోయింది, బీచ్‌కి రావాల్సిన ఇసుక రాలేదు. రెండుచోట్లా నష్టమే.

ఇక సముద్ర మట్టం. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సగటున సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. జానెడు అనుకోండి. పల్లంగా ఉన్న ఇసుక ఒడ్డులో నిలువునా ఒక సెంటీమీటరు పెరిగితే అడ్డంగా అర మీటరు నుంచి మీటరు దాకా ఒడ్డు వెనక్కి జరుగుతుందని ఒక పాత మోటు లెక్క ఉంది. అన్నిచోట్లా పనికిరాదని దాన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. నా మాట అడిగితే, కోస్టల్ బ్యాటరీ దగ్గర ఈరోజు కనిపిస్తున్న గట్టుకు మొదటి కారణం ఆగిన ఇసుక. మట్టం పెరగడం వెనక నుంచి తోస్తోంది, రేపు ఇంకా గట్టిగా తోస్తుంది.

ఏజెన్సీ మాస్టారు · ఆదివారం, రాత్రి 8:25

ఆ మట్టి బయల్దేరే చోట ఉన్నాను, అనంతగిరి పక్క కొండ మీద బడిలో పాఠాలు చెబుతాను. గోస్తని పుట్టేది ఇక్కడే, బొర్రా గుహల దగ్గర. తాటిపూడి దగ్గర ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మీరు తాగే నీళ్లలో కొన్ని మావే.

నేల కోత అంటే పుస్తకంలో గాలి, నీరు అని రాసి వదిలేస్తారు. నేను పిల్లలకి ఒక పని చేయించాను. బడి వెనక వాలులో ఒకచోట గడ్డి అలాగే ఉంచాం, పక్కనే జానెడు మేర గీకించాం. రెండింటి కింద రెండు స్టీలు గిన్నెలు. ఒక్క జడివాన. గడ్డి ఉన్నవైపు గిన్నెలో టీ రంగు నీళ్లు. గీకిన వైపు గిన్నెలో అడుగున రెండు వేళ్ల మందాన మట్టి. ఒక పాప ‘సార్, ఇది మా కొండ’ అంది. ఇంక నేను పాఠం చెప్పలేదు.

వాన చినుకు బాంబులా పడుతుంది, ఆకు లేకపోతే మట్టి ఉండ పగిలి చిమ్ముతుంది. ఆ చిమ్మిన పొడి మీద నీరు పొరలా జారుతుంది. తర్వాత చిన్న చిన్న గాడులు, అవి కలిసి గండి. గండి పడ్డాక దుక్కి లేదు, దున్నడానికి ఎద్దు దిగదు.

దీనికి పోడునే తిడతారు అందరూ. ముందు ఒక మాట. పూర్వం ఒక వాలులో చోళ్లు, సామలు, కందులు రెండు మూడేళ్లు వేసి వదిలేస్తే, మళ్లీ అక్కడికి రావడానికి చాలా ఏళ్లు పట్టేది. అడవి తేరుకునేది. ఇప్పుడు మనుషులు పెరిగారు, తిరిగే చోటు తగ్గింది, నేలకు విశ్రాంతి లేదు. అది పోడు తప్పా, విశ్రాంతి లేకపోవడం తప్పా? సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, మిరియం వేసిన వాలుల్లో గెడ్డ (కొండవాగు) నీళ్లు తేటగా ఉంటాయి, నేను ఏటా చూస్తున్నాను. రాతి కట్టలు వేసి, వాలుకు అడ్డంగా దున్నిన మెట్టల్లోనూ మట్టి నిలుస్తోంది. రోడ్డు వేయడానికి కొండ నిలువునా కోసి వదిలేసినచోట మాత్రం ఏ వానకా వాన ఎర్ర నీళ్లే. దాన్ని ఎవరూ పోడు అనరు.

భీమిలి రోడ్డు · ఆదివారం, రాత్రి 9:50

మాస్టారి గిన్నెల పరీక్ష అదిరింది.

కొండ కోసి వదిలేయడం అంటే గుర్తొచ్చింది, రుషికొండ సంగతి...

నిర్వాహకుడు · ఆదివారం, రాత్రి 9:58

రుషికొండ పేరు ఎత్తితే పార్టీల గొడవ మొదలై దారం తెగుతుంది. దానికి వేరే దారం ఉంది, 46 పేజీలు. అక్కడికి వెళ్లండి.

భీమిలి రోడ్డు · ఆదివారం, రాత్రి 10:04

సరే సరే. ఎర్రమట్టి దిబ్బల గురించైనా అనొచ్చా? అది కోతే కదా, దాన్నే జనం టికెట్టు కొన్నట్టు వెళ్లి చూస్తారు. ఒక కోత అందం, ఇంకో కోత ప్రమాదం ఎలా అయ్యింది?

రాళ్లూ రప్పలూ · సోమవారం, ఉదయం 7:30

అనొచ్చు, అది నాకు ఇష్టమైన చోటు. సుమారు 20,000 ఏళ్ల కిందట మంచు యుగంలో సముద్ర మట్టం ఇప్పటికన్నా 120 మీటర్లు తక్కువ. తీరం ఇప్పటి సముద్రంలో ఎక్కడో లోపల ఉండేది. బయటపడ్డ ఇసుకను గాలి ఎగరేసి కొండల పాదాల దగ్గర పోగుచేసింది, కొండల నుంచి వచ్చిన నీళ్లూ కొంత కలిపాయి. అందులోని ఇనుము గాలి తగిలి తుప్పు పట్టడం వల్ల ఆ ఎరుపు. తర్వాత వాన నీళ్లు దాన్ని కోసి గండ్లు చేశాయి. తమిళనాడు తేరి ఇసుకలు, శ్రీలంకలో కొన్ని దిబ్బలు దీని చుట్టాలే. 2014లో జియలాజికల్ సర్వే దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది.

తేడా అల్లా వేగంలో. దిబ్బల్ని వాన వేల ఏళ్లు చెక్కింది. జేసీబీ ఒక వారంలో చెక్కుతుంది. అడ్డ ప్రశ్న గారి ‘సముద్రం ఎప్పుడూ ఇంతే’కి కూడా నా జవాబు ఇదే.

అడ్డ ప్రశ్న · సోమవారం, ఉదయం 8:11

తగిలింది. అయితే ఒక గోడ కట్టేస్తే పోదా? హార్బరు నుంచి భీమిలి దాకా పెద్ద పెద్ద బండలు పేర్చేసి, పైన రోడ్డు. ఖర్చయితే అయ్యింది.

ఉప్పాడ కోడలు · సోమవారం, ఉదయం 10:20

అన్నయ్యగారూ, గోడ సంగతి మమ్మల్ని అడగండి. పుట్టింది మధురవాడ, మెట్టింది ఉప్పాడ. చీరల ఊరు అని మీకు తెలుసు, సముద్రం తిన్న ఊరని కూడా తెలిసే ఉంటుంది. మా మామగారు చూపుడు వేలు నీళ్లలోకి పెట్టి ‘అదిగో అక్కడ మా పాత ఇల్లు’ అంటారు. అక్కడ కెరటం తప్ప ఏమీ లేదు.

మాకూ రాళ్లు వేశారు. పెద్ద గుడ్డ గొట్టాల్లో ఇసుక నింపి జియోట్యూబులు అని వరసగా పెట్టారు, వాటి మీద వలల్లో రాళ్లు. కొన్నాళ్లు ఊపిరి పీల్చుకున్నాం. తుపాను వచ్చిన ప్రతిసారీ కెరటం ఎగిరి రోడ్డు మీద పడుతుంది, రాళ్లు రోడ్డుకు అడ్డంగా దొర్లుతాయి, కాకినాడ బస్సు ఆపేస్తారు. గోడ వల్ల రోడ్డు కొన్నాళ్లు మిగిలింది, ఒడ్డు మాత్రం మిగల్లేదు. మా పిల్లలు ఇసుకలో ఆడుకోవాలంటే వైజాగ్ అమ్మమ్మగారింటికి రావాలి. ఇప్పుడు మీరూ గోడ కట్టేస్తానంటే ఎలా?

డ్రెడ్జర్ బాబాయ్ · సోమవారం, ఉదయం 11:00

కోడలమ్మ చెప్పింది అక్షరాలా నిజం. వాలుగా ఉన్న ఇసుక మీద కెరటం పాకుతూ పోయి అలిసిపోతుంది. గోడ ఉంటే కొట్టి వెనక్కి తిరుగుతుంది, తిరిగేటప్పుడు గోడ పాదాల దగ్గర ఇసుకను తవ్వుతుంది. కొన్నాళ్లకు రాళ్లే కుంగుతాయి. పైగా గోడ ఎక్కడ ఆగిందో దాని ఉత్తరం కొస నుంచి కొత్త కోత మొదలు. పక్కవాడి గోడ మన గుమ్మం తవ్వుతుంది.

2021 డిసెంబరులో జవాద్ తుపాను గుర్తుందా? తీరం దాటకుండానే బలహీనపడింది. అయినా బీచ్ రోడ్డులో చిల్డ్రన్స్ పార్కు ప్రహరీ కూలి, నేల బీటలు వారి కుంగింది. పైన పచ్చిక, బెంచీలు బాగానే ఉన్నాయి, అడుగున ఇసుక జారిపోయింది. గోడకు ముందు ఇసుక లేనప్పుడు గోడ ఎంత గట్టిదైనా ఒకటే.

తాబేలు వాలంటీరు · సోమవారం, మధ్యాహ్నం 2:35

ఒక చిన్న విషయం, ఎవరూ అనలేదు కాబట్టి. శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకే వస్తాయి. అటవీ శాఖవాళ్లు గుడ్లు ఏరి జోడుగుళ్లపాలెం లాంటిచోట్ల కంచె కట్టి పొదిగిస్తారు. నడుం ఎత్తు గట్టు ఉన్నచోట తల్లి తాబేలు పైకెక్కలేదు. ఒక రాత్రి చూశాను. గట్టు వెంబడి పక్కకు చాలాసేపు పాకింది. ఇసుక మీద ట్రాక్టరు టైరు గుర్తుల్లాంటి జాడ. చివరికి గట్టు కిందే, పోటు తగిలేచోటే తవ్వడం మొదలుపెట్టింది. మేం ఆ గుడ్లు తీసి తడి ఇసుకతో సహా బుట్టలో పెట్టుకుని వెళ్లేసరికి కెరటం ఆ గుంట దాకా వచ్చింది.

భీమిలి రోడ్డు · సోమవారం, సాయంత్రం 5:15

స్వార్థం ప్రశ్న. తీరం రోడ్డులో సముద్రం కనబడే ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చాం. బిల్డరు బోరు నీళ్లు తియ్యగా ఉన్నాయని గ్లాసులో పోసి ఇచ్చాడు. నమ్మొచ్చా?

ఏజెన్సీ మాస్టారు · సోమవారం, సాయంత్రం 6:02

వేసవి చివర్లో వెళ్లి అదే గ్లాసులో అడగండి. మా బావమరిది ఫ్లాటులో మొదటి రెండేళ్లు తియ్యగానే వచ్చాయి. అందరూ తోడేసరికి కింద నుంచి ఉప్పు నీరు ఎక్కింది. గీజరు కాయిలు ఏడాదికొకటి పోతోంది, బిందె అంచున తెల్లటి చార. ఒడ్డు వెనక్కి జరిగే కొద్దీ ఉప్పు నీరు కూడా నేల కింద లోపలికి జరుగుతుంది.

రాళ్లూ రప్పలూ · సోమవారం, సాయంత్రం 7:20

దానితో పాటు తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) పరిధి మ్యాపు చూడండి. 1991లో మొదటి నోటిఫికేషన్, తర్వాత 2011లో, 2019లో మార్చారు. పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు ఏం కట్టొచ్చో, ఏం కూడదో అందులో ఉంటుంది. ‘ప్లాను అప్రూవ్డ్’ అనే ఒక్క మాట చాలదు.

ఇక మందు సంగతి, అందరూ రోగం గురించే రాశాం కాబట్టి. మద్రాసు హార్బరు కట్టాక దక్షిణాన ఇసుక చేరి మెరీనా అంత వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు కోత పడింది. ఒకే గోడకు రెండు ఫలితాలు. పాండిచ్చేరిలో 1980ల చివర్లో హార్బరు గోడలు కట్టాక ఊరి బీచ్ మొత్తం పోయి బండలు మిగిలాయి. 2018లో అక్కడ నీటి అడుగున ఇనుప దిబ్బ లాంటిది దించారు, కెరటం ముందే విరిగి, ఇసుక మళ్లీ చేరింది. కాబట్టి తిరిగి తేవడం అసాధ్యం కాదు. దేశం మొత్తం మీద 1990 నుంచి 2018 దాకా ఉపగ్రహ చిత్రాలు చూసి జాతీయ తీర పరిశోధన కేంద్రం చెప్పింది ఏమిటంటే, 33.6 శాతం తీరం కోతలో ఉంది, సుమారు 27 శాతం పెరుగుతోంది. పెరిగేది, తరిగేది చాలాసార్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి.

మనకు ఓడలు కావాలి, హార్బరు తీసేయమని ఎవరూ అనరు. ఆగిన ఇసుకను ఆగినంతా, ఏటా, టైముకి దాటించడమే మొదటి పని అని నా అభిప్రాయం. ఇసుక దిబ్బల మీద పాకే ఊదా పూల తీగలూ, మొగలి పొదలూ పీకేసి పచ్చిక పరిచే పని ఆపడం రెండోది. ఖర్చు లేనిది కూడా.

పొద్దుటి నడక · నాలుగు వారాల తర్వాత, ఆదివారం

దారం పైకి తెస్తున్నందుకు ఏమనుకోకండి. ఆ రోజు తర్వాత మా ఆవిడ కుట్టుమిషను టేపు జేబులో వేసుకుని వెళ్తున్నాను. కాలు గాల్లో ఉండిపోయిన ఆ చివరి మెట్టు అంచు నుంచి కింద ఇసుక దాకా ప్రతి ఆదివారం కొలిచాను. 94 సెంటీమీటర్లు. తర్వాత 88. తర్వాత 61. ఈరోజు 57. రాళ్లూ రప్పలూ గారు చెప్పినట్టు తిరిగొస్తోంది. కానీ నా ఫోన్లో రెండేళ్ల కిందటి ఇదే నెల ఫొటో ఉంది, మా మనవడు అదే మెట్టు మీద కూర్చుని కాళ్లు ఇసుకలో పెట్టుకున్నాడు. అప్పుడు తేడా సున్నా.

టేపు పట్టుకుని వంగితే సెక్యూరిటీ కుర్రాడొచ్చి ‘సార్, ఏమైనా పడిపోయిందా?’ అన్నాడు. అవునన్నాను.

చినజాలరి · అదే రోజు, సాయంత్రం

సార్, మెట్టు దగ్గర కొలత మీకు. మా ఊళ్లో కొలత వేరు, వల లాగేటప్పుడు వెనక్కి ఎన్ని అడుగులు పడతాయో అది. మా చిన్నాన్న రోజూ లెక్కపెడతాడు, రాయడు. ఈ వారం పద్నాలుగు.

పొద్దుటి నడక · అదే రోజు, రాత్రి

రాయడానికి నేనొస్తాను. వచ్చే ఆదివారం ఎన్నింటికి లాగుతారు?

చినజాలరి · అదే రోజు, రాత్రి

అయిదున్నరకి మొదలు. చెప్పులు రోడ్డు మీదే వదిలేసి రండి. తాడు కూడా పట్టుకోవాలి మరి.